పైపు లోపలి తుప్పు ఎవరు చూస్తారు?

ప్రశ్న: సార్, మా కొబ్బరితోట మధ్యలోంచి గ్యాస్ లైను పోతోంది. అప్పుడప్పుడు ఎవరో వచ్చి దాని వెంట నడిచి వెళ్లిపోతారు. తనిఖీ అంటే ఇంతేనా? నగరం గ్రామంలో జరిగిన పేలుడు గుర్తొస్తే రాత్రిళ్లు ఒకటే టెన్షన్.
– ఒక రైతు, కోనసీమ

జవాబు: ఆ నడక కూడా తనిఖీలో భాగమేనండీ, కానీ అసలు రోగం లోపల ఉంటుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం ఊళ్లో ప్రభుత్వ గ్యాస్ సంస్థ గెయిల్ లైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు కదా, అక్కడ గ్యాసుతో పాటు నీరూ పోయి పైపును లోపలి నుంచి తినేసింది. పైన ఎంత నడిచినా అది కనపడదు. అందుకే ‘పిగ్’ అనే పరికరాన్ని లోపలికి పంపుతారు, గ్యాస్ తోపుకే అది కదులుతూ గోడ ఎక్కడ పలచబడిందో నమోదు చేసుకుంటుంది.

రూల్స్ లేక అలా జరగలేదు. 2006 చట్టంతో వచ్చిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు 2009లో భద్రతా ప్రమాణాలు, 2012లో గ్యాస్ లైన్ల ఇంటెగ్రిటీ (అంటే పైపు దెబ్బతినకుండా చూసుకోవడం) నిబంధనలు తెచ్చింది. అంటే నగరం పేలేనాటికి రెండూ కాగితం మీద ఉన్నాయి! నాకు మింగుడుపడనిది అదే.

మీ లైను ప్రభుత్వ సంస్థదైతే చివరిసారి పిగ్ ఎప్పుడు పంపారో సమాచార హక్కు కింద అడగండి. అన్నట్టు, పైపులైన్ల కోసం భూమి వాడుకునే హక్కుపై వచ్చిన 1962 చట్టం ప్రకారం లైను పోయే ఆ నేల పట్టీ మీద మీరూ ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు, కొబ్బరి మొక్కయినా సరే.