కూలిన పాతాళం మీద డెల్టా: పటం గీసేవారి ప్రశ్నలు

జానపద నవలలకీ ఫాంటసీ కథలకీ సొంతంగా లోకాలు కట్టుకుంటున్న పాఠకుల ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులిస్తున్నాం. ఈసారి గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువభాగం ఒకే పథకంతో ఉన్నాయి. పైన పాయలు, లంకలు, కొబ్బరితోటలు. కింద ఎప్పుడో కూలిపోయిన పాతాళ సామ్రాజ్యం. పథకం మాకెంతో నచ్చింది. అయితే మీరు పంపిన పటాల్లో పై భూమికి కింది శూన్యం సంగతే తెలియనట్టుంది. ఏరు వంపు తిరగడానికి, బావి ఉప్పెక్కడానికి, ఊరు మెరక చూసుకుని కట్టుకోవడానికి ఆ శిథిలం కారణం కావాలి. లేకపోతే అంత సామ్రాజ్యం ఉండీ లేనట్టే.

ప్రశ్న: మా కథలో సామ్రాజ్యం సరిగ్గా డెల్టా ఊళ్ల కిందే ఉందండి. అతలం నుంచి పాతాళం దాకా ఏడు అంతస్తులు పెట్టాలని ఉంది. ఎంత లోతు ఉండాలి? (నరసాపురం పాఠకుడు)

లోతు కంటే ముందు ఏ రాయి అన్నది తేల్చుకోండి. ఒండ్రులో సామ్రాజ్యం కట్టలేరు. మీ వైపు గొయ్యి తవ్వితే కొద్ది అడుగులకే ఊట వస్తుంది, ఇసుక జారి గొయ్యి పూడిపోతుంది. కాబట్టి రాజధానిని ఎగువ కొండరాతిలో పెట్టి, దాని దిగువ ద్వారాలను మాత్రం డెల్టా అడుగున ఉన్న రాతిలోకి తీసుకురండి. ఒండ్రు వాటి మీద తరువాత పేరుకుంది అనండి.

ఇక్కడే కాలం లెక్క తప్పుతుంది. మంచుయుగం తరువాత పెరుగుతూ వచ్చిన సముద్రమట్టం నెమ్మదించాకే, ఇంచుమించు ఏడెనిమిది వేల ఏళ్లుగా, ఇప్పటి పెద్ద డెల్టాలు ఏర్పడుతూ వచ్చాయి. సామ్రాజ్యం కూలి మూడొందల ఏళ్లయిందని రాసి, దాని మీద యాభై కిలోమీటర్ల డెల్టా పరిస్తే నమ్మడం కష్టం. కూలి వేల ఏళ్లయిందనండి. లేదంటే మొగల దగ్గర కొత్తగా పడిన నేల వరకే సరిపెట్టుకోండి.

రాళ్లలో మా ఓటు గట్టిపడిన అగ్నిపర్వత బూడిదకు. టర్కీలోని కప్పడోకియా ప్రాంతంలో డెరింకుయు నగరాన్ని ఆ రాతిలోనే సుమారు 85 మీటర్ల లోతు దాకా తొలిచారు. మామూలు పనిముట్లకు లొంగుతుంది, తొలిచాక నిలబడుతుంది. సున్నపురాతిలో నీళ్లే గుహలు తొలిచిపెడతాయి. మన బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున్నాయి. కానీ ఆ గుహలను చేసిన నీళ్లు ఆ తరువాత కూడా వస్తూనే ఉంటాయి. ఉప్పు గని పెట్టుకుంటే (పోలండ్‌లోని వియెలిచ్కా గని 327 మీటర్లు దిగుతుంది) నది దగ్గరికి రాకుండా చూసుకోండి, మంచినీళ్లు చొరబడితే స్తంభాలే కరిగిపోతాయి.

ఇక ఏడంతస్తులు. ఒక్కో అంతస్తుకు 3 మీటర్ల గది, దాని మీద 12 మీటర్ల రాయి. మొత్తం 105 మీటర్లు. లోతుకు వెళ్లేకొద్దీ కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది కాబట్టి, ఈ లోతులో పెరిగేది మూడు డిగ్రీలే. అదే ఒక్కో లోకానికి కిలోమీటరు ఇస్తే రెండో లోకానికే నీళ్లు కాలే వేడి. బరువు చూడండి: వంద మీటర్ల రాయి చదరపు మీటరు మీద 250 టన్నులు మోపుతుంది. సగం తవ్వేస్తే మిగిలిన స్తంభాల మీద 500 టన్నులు. అందుకని విశాలమైన సభామండపాలు పై అంతస్తుల్లో, ఇరుకు దారులు అడుగున గీయండి. కింది స్తంభం మీదే పై స్తంభం నిలబడాలి. ఈ ఒక్క నియమం తప్పిన రాజవంశమే మీ సామ్రాజ్య పతనానికి కారణం కావచ్చు, శాపాల అవసరం ఉండదు.

ప్రశ్న: కింద సొరంగాలు కూలితే పైన ఏం కనబడాలి? నేను అన్నిచోట్లా గుండాలు గీశాను, చూడ్డానికి బాగాలేదు. (అమలాపురం పాఠకురాలు)

బాగాలేకపోవడానికి కారణం అన్నీ ఒకే తీరుగా ఉండటం. కూలడం మూడు రకాలు, మూడింటి గుర్తులూ వేరు.

మొదటిది, పైకి రాకుండా ఆగిపోయేది. పగిలిన రాయి మొదటికంటే 30 నుంచి 50 శాతం ఎక్కువ చోటు తీసుకుంటుంది. కప్పు రాలేకొద్దీ ఆ గుట్టే ఖాళీని నింపేస్తుంది. గది ఎత్తును ఆ పెరుగుదలతో భాగిస్తే కూలడం ఎంతవరకు పైకి పాకుతుందో తెలుస్తుంది. 3 మీటర్ల సొరంగం, 30 శాతం పెరుగుదల అయితే 10 మీటర్లు. దాని మీద 12 మీటర్ల రాయి ఉంటే పైన చేలో ఏమీ తెలియదు. మీరు గీసిన గుండాల్లో చాలావాటిని ఇక్కడే చెరిపేయొచ్చు.

రెండోది గుండం. 20 మీటర్ల ఎత్తు మండపం అదే లెక్కన 67 మీటర్లు పాకుతుంది. దాని కప్పు మందం 40 మీటర్లే అయితే చిల్లు రాతి పైదాకా వచ్చేస్తుంది. అక్కడి నుంచి ఒండ్రు కిందికి జారడం మొదలవుతుంది. పైన 20 మీటర్ల మందం ఇసుక ఉంటే, ఇసుక 33 డిగ్రీల వాలులో నిలబడుతుంది కనుక, గరాటు నోరు 60 మీటర్ల వెడల్పు తేలుతుంది. ఇసుక నేలలో ఇది నెలల తరబడి నెమ్మదిగా దిగుతుంది. బంకమట్టి పొర ఉంటే కింద ఖాళీ పెరుగుతున్నా పైన వంతెనలా నిలబడి, ఒక్కపూటలో తెగిపడుతుంది. కథకు భయం కావాలంటే బంకమట్టి, దిగులు కావాలంటే ఇసుక. అడుగున ఏరు పారుతూ రాలిన రాతిని కొట్టుకుపోతుంటే పై లెక్క చెల్లదు, చిన్న సొరంగం కూడా పైకి వచ్చేస్తుంది. అందుకే గుండాలను కింది ఏటి దారి వెంబడి వరసగా గీయండి. వాటిని చూసే చదువరి కింద ఏరుందని పట్టేస్తాడు.

మూడోది బాడవ. గదులూ స్తంభాలూ కలిసిన ఒక పేట మొత్తం నలిగితే నేల పళ్లెంలా దిగుతుంది. బొగ్గు గనుల వాళ్ల లెక్క ఇది: దిగుడు ప్రభావం తవ్విన అంచు దాటి, లోతులో పదింట ఏడో వంతు దూరం దాకా పోతుంది. 100 మీటర్ల లోతు పేట అయితే అంచుకు 70 మీటర్ల బయట కూడా ఇంటి గోడలు చీలుతాయి. పేట వెడల్పు లోతుకు 1.4 రెట్లు దాటితేనే నేల పూర్తిగా దిగుతుంది. 3 మీటర్ల గదులు, సగం రాయి స్తంభాలుగా మిగిలిన పేట అయితే దిగుడు మీటరున్నరకు లోపే. కొండల్లో దాన్నెవరూ పట్టించుకోరు. మన నేలలో మీటరు పల్లం అంటే వరి పండే చేనుకీ ఏడాదంతా నీళ్లు నిలిచే బాడవకీ ఉన్న తేడా.

గీసే వరస ఇలా పెట్టుకోండి. గ్రాఫ్ కాగితం మీద ముందు కింది నగరం గీయండి, 1 సెంటీమీటరుకు 100 మీటర్లు. ఒక్కో గది పక్కన మూడు అంకెలు వేయండి: ఎత్తు, వెడల్పు, కప్పు మందం. దాని మీద ట్రేసింగ్ కాగితం పరిచి, ఎత్తును మూడున్నరతో గుణిస్తే కప్పు మందం దాటే చోట గుండం, వెడల్పు లోతుకు 1.4 రెట్లు దాటే చోట బాడవ. తరువాత ఏటి పాయ, ఆ తరువాత మెరకలు, ఆఖరికి ఊళ్లు. మీ పటంలో ఊళ్లు ముందు పడ్డాయి, ఇబ్బందంతా అక్కడే మొదలైంది.

కూలే కాలం కూడా ముఖ్యం. నిండా నీళ్లున్న గది కప్పును ఆ నీళ్లు కొంత మోస్తాయి. వైశాఖ జ్యేష్ఠాల్లో ఊట దిగిపోయినప్పుడు ఆ ఆసరా పోతుంది. వెంటనే తొలి వరద బరువు పడితే కూలుతుంది. కాబట్టి ఆషాఢం, శ్రావణం.

నిజంగా ఇలా బతికిన నగరం పారిస్. పాత రాతి గనుల మీద కట్టిన ఆ ఊళ్లో 1774లో ఒక వీధి కుంగిపోయాక, 1777లో గనుల తనిఖీకి ప్రత్యేక శాఖ పెట్టారు. వాళ్లు కింది దారులన్నీ కొలిచి, పై వీధి పేరునే కింది దారి గోడ మీద చెక్కారు, బలహీనమైన చోట రాతి స్తంభాలు కట్టారు. మీ డెల్టా రాజ్యంలో అలాంటి కొలగాళ్ల వృత్తి ఒకటి పెట్టండి. ఖడ్గవీరులకంటే వాళ్లు కథకు ఎక్కువ పనికొస్తారు.

ప్రశ్న: తవ్విన రాయంతా ఎక్కడికి పోయింది? (మండపేట పాఠకుడు)

మంచి ప్రశ్న, చాలామంది మరిచిపోయేది. కోటి ఘనపు మీటర్లు తవ్వితే అది ఉబ్బి కోటీ నలభై లక్షలవుతుంది. 20 మీటర్ల ఎత్తున పోస్తే 70 హెక్టార్లు, అంటే 173 ఎకరాల దిబ్బ. పటంలో కొండ అంచున చదునైన తలతో ఆ దిబ్బలు చూపండి. వరదొస్తే జనం ఎక్కేది వాటి మీదకే. డెల్టా అంతా ఆ తవ్వకం మట్టే అని మాత్రం రాయకండి. గోదావరి లాంటి నది సహజంగా మోసుకొచ్చే ఒండ్రు ముందు అది చాలా కొద్ది.

ప్రశ్న: మా కథలోని పెద్ద నది ఒక బిలంలో పడి మాయమై సముద్రం దగ్గర రెండు పాయలుగా బయటికొస్తుంది. సబబేనా? (రాజోలు పాఠకురాలు)

ఎండాకాలంలో సబబే. వరదలో కాదు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది, అంటే సెకనుకు దాదాపు లక్ష ఘనపు మీటర్లు. 10 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల ఎత్తు సొరంగంలో నీరు సెకనుకు 3 మీటర్ల వేగంతో పోయినా దానికి పట్టేది 300. అలాంటివి 330కి పైగా కావాలి. కాబట్టి బిలం ముందు నీళ్లు ఎగదన్ని సరస్సు కడతాయి, నిండాక పాత ఏటిదారి పట్టి పొంగుతాయి. ఆ పాత దారిని పటంలో తప్పక ఉంచండి: ఎనిమిది నెలలు ఇసుకమేట, నాలుగు నెలలు ఏరు. దాని పొడుగునా ఏటిగట్లు, గండ్లు పడిన చోట్లు, పంటు కట్టే రేవులు. కథంతా నడవగలిగిన చోటు అదే.

ఒండ్రు సంగతీ ఉంది. ఇరుకు సొరంగంలో 3 మీటర్ల వేగంతో వచ్చిన నీరు 60 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు మండపంలోకి రాగానే వేగం పావు మీటరుకు పడిపోతుంది. ఇసుకంతా అక్కడే దిగుతుంది. మొదటి మండపం పూడ్చుకుపోయి, బయటికొచ్చే నీరు తేటగా ఉంటుంది. తేటనీటి పాయ లంకలు కట్టదు, మొగ దగ్గర నేలను సముద్రం కోసుకుపోతుంది. రెండు పాయల్లో ఒకటి బిలం నుంచి తేటగా, రెండోది పాత దారి నుంచి ఎర్రగా వస్తే, ఒక ఒడ్డు తరుగుతూ రెండోది పెరుగుతూ ఉంటుంది. సరిహద్దు తగాదాకు అంతకన్నా కారణం అక్కర్లేదు.

ప్రశ్న: పైన బతికే వాళ్లకు కింది శిథిలం రోజూ ఎలా తెలుస్తుంది? (ముమ్మిడివరం పాఠకుడు)

బావి వల్ల, గాలి వల్ల. తీరంలో మంచినీరు బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి మీటరు ఎత్తున మంచినీరు నిలిస్తే, దాని అడుగున సుమారు 40 మీటర్ల మంచినీరు ఉంటుంది. సామ్రాజ్యం బతికున్న రోజుల్లో సొరంగాల్లోకి ఊట రాకుండా నీళ్లు తోడేవారు కదా. ఊట మట్టం అడుగు దిగితే ఉప్పు, కాలక్రమాన, 40 అడుగులు పైకొస్తుంది. అంటే పాతాళం వెలిగిన కాలంలో పైన చవుడు నేలలుండాలి, అది కూలి తోడకం ఆగాక మెల్లగా వరి పండే నేలలు రావాలి. మీ పటంలో పాత చవుళ్ల మీద కొత్త ఊళ్లు గీయండి.

గాలి సంగతి తుపాను రోజుల్లో తెలుస్తుంది. బయట వాయుపీడనం 10 మిల్లీబార్లు తగ్గితే లోపలి గాలిలో నూరో వంతు బయటికొస్తుంది. శిథిలంలో కోటి ఘనపు మీటర్ల ఖాళీ ఉందనుకుందాం. తుపాను దగ్గరయ్యే పది గంటల్లో పీడనం 50 మిల్లీబార్లు పడితే, 4 చదరపు మీటర్ల బిలం నోటి గుండా సెకనుకు మూడున్నర మీటర్ల గాలి కొడుతుంది. కార్తీకంలో బిలం ఊదడం మొదలైతే పడవలు ఒడ్డుకు లాగడం మీ జనానికి అలవాటుగా రాయండి. తుపాను దాటాక అదే నోరు గాలిని లోపలికి పీల్చుకుంటుంది.

ఊదే రోజు నోటి దగ్గర, పల్లంలో ఉన్న గుండాల అడుగున జాగ్రత్త. బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) బరువైనది, పల్లం చేరి కూర్చుంటుంది. ప్రాణవాయువు 16, 17 శాతానికి పడితే దీపం ఆరిపోతుంది. కానీ దీపం వెలుగుతోందంటే గాలి మంచిదని కాదు, బొగ్గుపులుసు గాలి అయిదారు శాతం ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది, మనిషికి ఊపిరాడదు. మీ పాత్రలు తాడుకు దీపం కట్టి దించితే, ఆరిపోయిన లోతు కంటే రెండు నిలువులు పైనే ఆగిపోవాలి.