బిళ్ళగన్నేరు ఆకు షుగరుకు మంచిదేనా?

బీచ్ రోడ్డులో నడకకు వచ్చే మిత్రులు చెప్పారని మీ నాన్నగారు రోజూ పరగడుపున బిళ్ళగన్నేరు ఆకులు నములుతున్నారని, షుగరు మాత్రలతో పాటు అలా తింటే పరవాలేదా అని అడిగారు. దయచేసి ఈరోజే మాన్పించండి.

నేను విశాఖలో ఫార్మసీ చదువుకున్నాను. ప్రాక్టికల్స్ కోసం రుషికొండ వైపు ఇసుక నేలలో పెరిగిన ఈ మొక్కల ఆకులే తెచ్చేవాళ్ళం. నీడన ఆరబెట్టి, పొడి చేసి, పలుచని ఆమ్లంలో మరిగించి వడగట్టేవాళ్ళం. ఆ నీటిలో డ్రాగన్‌డార్ఫ్ కారకం రెండు చుక్కలు వేయగానే గొట్టంలో నారింజ ఎరుపు మడ్డి కమ్ముకుంటుంది. ఆల్కలాయిడ్లు, అంటే మొక్కలు తయారుచేసుకునే ఘాటైన రసాయనాలు, ఉన్నాయనడానికి అది గుర్తు. ఈ ఒక్క మొక్కలోనే వందకు పైగా ఆల్కలాయిడ్లను గుర్తించారు. వాటిలో విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ క్యాన్సర్ మందులు. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌లో విన్‌క్రిస్టిన్‌ను ఇప్పటికీ వాడుతున్నారు.

ఆ మందులు బయటపడింది కూడా షుగరు వల్లే. జమైకాలో షుగరుకు ఈ ఆకు కషాయం తాగుతారని తెలిసి, 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఎలుకల మీద పరీక్షించారు. నోటి ద్వారా ఇస్తే చక్కెర తగ్గలేదు. ఆకు సారాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తే మాత్రం తెల్లరక్తకణాలు పడిపోయి, ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చనిపోయాయి. ఆ గుణాన్ని పట్టుకుని వెళ్ళి 1958లో విన్‌బ్లాస్టిన్‌ను వేరు చేశారు. కణం రెండుగా విడిపోవడానికి ట్యూబులిన్ అనే ప్రోటీన్‌తో సన్నని పోగులు కట్టుకుంటుంది. ఈ మందులు ట్యూబులిన్‌కు అతుక్కుని ఆ పోగులను కట్టనివ్వవు. దాంతో క్యాన్సర్ కణమూ ఆగుతుంది, ఎముక మజ్జలో కొత్త రక్తకణాలు పుట్టడమూ ఆగుతుంది.

తర్వాత జరిగిన కొన్ని జంతు ప్రయోగాల్లో ఈ ఆకు చక్కెరను తగ్గించిన మాట నిజం. ఆకులో ఆ రెండు ఆల్కలాయిడ్లు అతి స్వల్పంగా ఉంటాయన్నదీ నిజమే. అయితే ఆ పాళ్ళు మొక్కను బట్టి, నేలను బట్టి మారిపోతాయి. నమిలేటప్పుడు మేలు చేసేదాన్ని మింగి, కీడు చేసేదాన్ని ఉమ్మేయలేం కదా! విన్‌క్రిస్టిన్ నరాలను కూడా దెబ్బతీస్తుంది. షుగరు ఉన్నవారికి అరికాళ్ళ తిమ్మిర్లు మామూలే కాబట్టి, ఆకు వల్ల వచ్చినా ఎవరూ అనుమానించరు. నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే.

ఆకులన్నీ ప్రమాదమని నేను అనడం లేదు. షుగరుకు వాడే మరో ఆకు పొడపత్రిని చూడండి. ఒక ఆకు బాగా నమిలి, ఆ తర్వాత నాలుక మీద పంచదార వేసుకుంటే ఇసుక పలుకుల్లా కరకరలాడుతుందే తప్ప తీపి తెలియదు. ఉప్పు, పులుపు మాత్రం ఎప్పటిలాగే తెలుస్తాయి. అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు తీపిని గుర్తించే గ్రాహకాలను కాసేపు కప్పేస్తాయి. అయినా మాత్రలు వేసుకునేవారు దాన్ని కూడా సొంతంగా మొదలుపెట్టకూడదు, చక్కెర మరీ పడిపోవచ్చు.

మీ నాన్నగారిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి, ఏ ఆకు, ఎన్నాళ్ళుగా తింటున్నారో దాచకుండా చెప్పండి. షుగరు పరీక్షతో పాటు తెల్లరక్తకణాల లెక్క కూడా చూడమనండి. జ్వరం గానీ, నోటిపూత గానీ ఉంటే రేపటి దాకా ఆగవద్దు. షుగరు మాత్రలు మాత్రం ఆపనివ్వకండి.