జమ్మికుంటలో బట్టల దుకాణానికి ఏఐ ఎంతవరకు పనికొస్తుంది?

జమ్మికుంటలో బట్టల దుకాణం నడిపే మీరు, నెలకు 20 వేలు ఇస్తే ప్రచారం, వాట్సాప్ జవాబులు, స్టాక్ లెక్కలు అన్నీ ఏఐతో నడిపిస్తామని ఒక ఏజెన్సీ వాళ్లు అంటున్నారని, ఇస్తే దుకాణంలో ఒక పనిమనిషిని తగ్గించుకోవచ్చా అని అడిగారు. నా మాట: ఏఐ వాడండి, కానీ ఆ డబ్బు ఇప్పుడే ఇవ్వకండి, మనిషిని మాత్రం అసలు తీసేయకండి.

మాది వరంగల్ కొత్తవాడలో షత్రంజీల (నేల మీద పరిచే నూలు జంపఖానాల) వ్యాపారం. మగ్గాల వాళ్ల దగ్గర కొని బయట రాష్ట్రాలకు పంపుతాం. ఏఐ వల్ల మాకు జరిగిన పెద్ద మేలు ఉత్తరాల దగ్గరే. పూణె నుంచో జైపూర్ నుంచో ఎవరైనా ఇంగ్లీషులో సైజులు, ధరలు అడిగితే, ఇంట్లో చదువుకున్న పిల్లలు వచ్చేదాకా ఆగాల్సి వచ్చేది. ఈలోపు వాళ్లు ఇంకోచోట కొనేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లో తెలుగులో చెప్తే చాట్‌జీపీటీ గానీ జెమినీ గానీ మంచి ఇంగ్లీషులో రాసిస్తుంది. హిందీ కూడా అంతే. అంకెలు ఒకసారి సరిచూసుకుని పంపేస్తాను.

అయితే దానికి మన సరుకు తెలియదు. వరంగల్ షత్రంజి గురించి నాలుగు మాటలు రాయమంటే, నూలు షత్రంజికి పట్టు అంటగడుతుంది, మేం వాడని రంగులు వాడామంటుంది. అందుకని ఒక పేజీ తయారు చేసుకున్నాను: ఏ నూలు, ఏ మగ్గం, ఏ రంగు, ఎలా ఉతకాలి, ఏ సైజులు, 2018లో వచ్చిన జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు). ముందు ఆ పేజీ ఇచ్చి, ఇందులో లేనిది ఒక్క ముక్క రాయొద్దని చెప్తాను. మీరూ చీరలకు అలాంటి పేజీ రాసుకోండి. ఏది చేనేత, ఏది మరమగ్గం, ఏది పాలిస్టర్ కలిసింది అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. మరమగ్గం చీరను ఏఐ చేనేత అని రాసేస్తే, తప్పుదోవ పట్టించే ప్రకటన కింద 2019 వినియోగదారుల రక్షణ చట్టం ముందు జవాబు చెప్పాల్సింది మీరే. అంతకన్నా ముందు, రాత్రింబగళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషికి అన్యాయం జరుగుతుంది. నాకు అదే ఎక్కువ బాధ.

ఫొటోల సంగతి ఇంకా జాగ్రత్త. ఒక ఏజెన్సీ వాళ్లు మా షత్రంజీలకు ఏఐతో బొమ్మలు చేసిపెట్టారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. బెంగళూరులో ఒకామె కొన్నారు, సరుకు చేరాక రంగు వేరు, అంచు వేరు అని తిప్పి పంపారు. రానూపోనూ రవాణా ఖర్చు మా మీదే పడింది. చీరకు రంగే ప్రాణం కాబట్టి పగటి వెలుతురులో మీ ఫోన్‌తో తీసిన ఫొటోలే పెట్టండి. ఫేస్‌బుక్ ప్రకటన ఇచ్చేటప్పుడు అడ్వాంటేజ్ ప్లస్ అనే సెట్టింగులు ఉంటాయి, వాటిలో కొన్ని ఫొటో వెలుగును, వెనకభాగాన్ని వాటంతటవే మార్చేస్తాయి. ఒక్కొక్కటీ చూసి ఆపేయండి.

స్టాక్ లెక్కల గురించి కాస్త వివరంగా చెప్తాను, మీ లాభం ఉన్నది అక్కడే. పరకాలలో మా బావమరిదికి బట్టల దుకాణం ఉంది. పాత బిల్లులు ఎక్సెల్‌లో పెట్టి, ఏ నెలలో ఏ సరుకు ఎంత తెప్పించాలని ఏఐని అడిగాడు. అది అక్టోబర్‌లో పోయిన అక్టోబర్ అంత తెప్పించమంది. 2024లో దసరా అక్టోబర్ 12న వచ్చింది, 2025లో అక్టోబర్ 2నే వచ్చింది. దసరా అంత ముందే వస్తే బతుకమ్మ చీరల గిరాకీ అంతా సెప్టెంబర్‌లోనే అయిపోతుంది కదా! ఇద్దరం కూర్చుని బతుకమ్మ, దసరా తేదీలు, పెళ్లి ముహూర్తాలున్న వారాలు, పత్తి డబ్బు చేతికొచ్చే రోజులు అన్నీ రాసిచ్చాం. అప్పుడు ఇచ్చిన లెక్క పనికొచ్చింది. మీది పత్తి మార్కెట్ ఉన్న ఊరు. రైతు చేతిలో పైసలు ఎప్పుడు ఆడతాయో మీకు తెలిసినంత ఏ ఏజెన్సీకీ తెలియదు, మీరు చెప్తే తప్ప ఏఐకీ తెలియదు.

వాట్సాప్ బిజినెస్ యాప్‌లో క్యాటలాగ్, దుకాణం మూసి ఉన్నప్పుడు వెళ్లే జవాబు ఉచితంగానే ఉన్నాయి. ముందు అవి పెట్టుకోండి. మన దగ్గర చాలామంది టైప్ చేయరు, "అన్నా, గా పచ్చ చీర ఎంతకిస్తవ్" అని వాయిస్ పంపుతారు. మన యాసను ఏఐ ఒక్కోసారి సరిగ్గా పట్టుకోదు. బేరం, వరుస కలిపి మాట్లాడటం, అప్పు ఎవరికి ఇవ్వొచ్చో తెలియడం మీ దుకాణంలో మనిషి పనే. రాతపని తగ్గితే ఆ మనిషికి గిరాకీ దగ్గర నిలబడే తీరిక దొరుకుతుంది.

ఇంకొకటి, బిల్లుల ఫైలు ఏఐకి ఇచ్చే ముందు కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న నిలువు వరుసలు (కాలమ్‌లు) తీసేయండి. లెక్కకు తేదీ, సరుకు, ధర చాలు.