కథ చెప్పేటప్పుడు ఎవరివైపూ చూడకు

చిన్నమ్మడూ,

విజయనగరంలో మీ వీధి రామమందిరం అరుగు మీద ప్రతి ఆదివారం పిల్లలకు నీతికథలు చెప్పబోతున్నావని మీ నాన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. సంతోషం పట్టలేక మీ పెద్దమ్మకు రెండుసార్లు చెప్పాను. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళకు పైగా చిన్న తరగతులకు చెప్పినవాడిని. ఈ పనిలో కాలు ఎక్కడ జారుతుందో నాకు తెలుసు.

కథ పావుగంట దాటనివ్వకు. పుస్తకం చూసి చదవకు, నోటితో చెప్పు. పక్కన మంచినీళ్ళ బిందె పెట్టు. ఇవి నీకు తెలిసినవే.

కథ చివర నీతి అచ్చువేసిన కార్డులు పంచుతావట. అది మాత్రం వద్దు తల్లీ. టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది కదా, అటువైపు పల్లెలో పనిచేసేటప్పుడు ఒకసారి కొంగ, పీత కథ చెప్పాను. చెరువు ఎండిపోతుందని చేపల్ని నమ్మించి, ఒక్కొక్కదాన్నే తీసుకుపోయి తినేసి, చివరికి పీతకు దొరికిపోయిన కొంగ కథ. నీతి చెప్పబోతుంటే ఒక పిల్ల లేచి, "కొంగలు మంచివి మాస్టారూ, అవొస్తేనే మాకు పంట పండుతాది" అంది. ఏటా గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ ఎక్కడినుంచో వచ్చి ఆ చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. అవి రావడం ఊరికి శుభమని వాళ్ళ నమ్మకం. ఇక ఆ పూటంతా వాదనే. కొంగ ఆశపోతుదా, ముసలిదైపోయి వేటాడలేక అలా చేసిందా? నా చేతిలో కార్డు ఉండుంటే ఆ పిల్ల నోరు విప్పేది కాదు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి చెబుతాను. మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

1987 కార్తీకమాసం. వనభోజనాలకని పిల్లల దగ్గర తలా రెండు రూపాయలు పోగుచేశాను. మొత్తం నలభై ఆరు రూపాయలు. మర్నాటికి కనబడలేదు. ఆ ముందురోజు సాయంత్రం గది ఊడ్చింది ఒక గుంటడు. వాళ్ళ నాన్న వలస కూలీ. వాడు మాత్రం రెండు రూపాయలు తేలేకపోయాడు. తీసింది వాడేనని మనసులో తీర్మానించేసుకున్నాను. పదిమందిలో అడగడం మర్యాద కాదనుకుని, నీలినక్క కథ అందుకున్నాను. నీలిమందు తొట్టిలో పడి రంగు మారిన నక్క అడవికి రాజై కూర్చుంటుంది, చివరికి తన ఊళతో తానే బయటపడిపోతుంది. "ఎంత దాచినా నిజం దాగదు" అంటూ వాడివైపే చూశాను. తరగతంతా వాడివైపు తిరిగింది.

సాయంత్రానికల్లా వాడి పేరు నక్క అయిపోయింది. మర్నాడు వాడు నా బల్ల దగ్గరికొచ్చి, "నాను తీయలేదు మాస్టారూ" అన్నాడు. "నిన్నెవరన్నారురా?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. నిజమే, నేను ఏమీ అనలేదు. వాడు కాదనడానికి కూడా వీల్లేకుండా కథను అడ్డం పెట్టుకున్నాను. ఆ వారంలోనే వాడు బడి మానేశాడు.

సంక్రాంతి ముందు హాజరుపట్టీకి కొత్త అట్ట వేద్దామని పాత కాగితం విప్పితే, లోపల ఆ నలభై ఆరు రూపాయలు ఉన్నాయి. పోకుండా ఉంటాయని నేనే అక్కడ పెట్టి మరిచిపోయాను. అప్పటికప్పుడు సైకిలెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ గ్లాసుడు నీళ్ళిచ్చి, "ఆల నాన్నతో మద్రాసు పనికెలిపోనాడు బాబూ" అంది. నేనెందుకొచ్చానో ఆమెకు చెప్పలేకపోయాను. వాడు మళ్ళీ నాకు కనబడలేదు.

మూతికున్న నెత్తురు చూసి తొందరపడి ముంగిసను చంపుకున్న తల్లి కథ అదే తరగతికి నెల ముందే చెప్పాను. నేనే చెప్పిన కథ నాకు అందలేదమ్మా.

తర్వాత పంచతంత్రం మళ్ళీ తిరగేశాను. మొదటి భాగం మిత్రభేదంలో నక్క దమనకుడు చేసేదేమిటి? సింహానికి కథ మీద కథ చెప్పి, స్నేహితుడైన ఎద్దు మీద అనుమానం నాటుతాడు. ఏ తప్పూ చేయని సంజీవకుడు ఆ సింహం చేతిలోనే చచ్చిపోతాడు. కథలతో ప్రాణం తీయొచ్చని ఆ పుస్తకంలోనే రాసి ఉంది. అన్నేళ్ళూ పిల్లలకు చెబుతూ కూడా నేను అక్కడ ఆగలేదు.

అందుకని చిన్నమ్మడూ, ఎవరైనా అబద్ధమాడిన వారం "నాన్నా పులి" చెప్పకు. ఎవరిదైనా పెన్సిల్ పోయిన రోజు దొంగ కథ ఎత్తకు. అడగాల్సింది ఉంటే ఆ పిల్లనో పిల్లాడినో పక్కకు పిలిచి, కూర్చోబెట్టుకుని అడుగు. కథ చెప్పేటప్పుడు నీ కళ్ళు చెట్టు మీదో, గుడి గోపురం మీదో ఉండనీ.

నువ్వు నాకంటే ఓర్పున్నదానివి. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని, "ఆ నక్క ఇప్పుడెక్కడుంది పెదనాన్నా, దానికి అన్నం ఎవరు పెడతారు?" అని ఏడ్చావు. నీకు గుర్తుండదు. ఆరోజు నీకు జవాబు చెప్పలేక బయటికి వెళ్ళిపోయాను.

మొదటి ఆదివారం నేనూ వస్తాను. వెనక వరుసలో కూర్చుంటాను, మధ్యలో మాట్లాడను. కార్తీకంలో నువ్వే ఇటు రా. పిల్లలు రాగలిగితే వాళ్ళనీ తీసుకురా, తేలినీలాపురంలో గూడబాతుల్ని చూద్దురుగాని. బస్సు ఖర్చు నాది. ఎవరి దగ్గరా డబ్బులు పోగుచేయకు.

మీ పెదనాన్న