బుజ్జికి మామయ్య రాసేది

బుజ్జీ,

నువ్వూ నీ స్నేహితులూ కారేసుకుని కొండలమీదికి వెళ్తున్నారని, అంత దూరమూ మీరే నడుపుకుంటారని మీ అమ్మ ఫోన్ చేసింది. "నువ్వైనా వద్దని చెప్పు అన్నయ్యా" అంది. నేను చెప్పను. క్లచ్ వదలడం రాక, బండి ఆగిపోయినప్పుడల్లా స్టీరింగ్‌ని కొట్టి అలిగిన పిల్ల ఇవాళ ఘాట్ రోడ్డు ఎక్కుతానంటే ఎంత గర్వంగా ఉందో ఆవిడకి చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

చిన్నవి ముందు. టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూపించు. నిండా మనుషులు, సామాను ఉంటే ఎంత పట్టించాలో డ్రైవర్ డోర్ తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీదో, పెట్రోల్ మూత వెనకో రాసి ఉంటుంది. స్టెప్నీని మర్చిపోకు. జాకీ ఉందిలే అనుకోకుండా డిక్కీ తెరిచి చూసుకో.

ఇక అసలు సంగతి. "రాత్రికి బయల్దేరితే తెల్లారేసరికి చేరిపోతాం, ఒక రోజు కలిసొస్తుంది" అన్నావట. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం.

మా జట్టులో అందరికన్నా బాగా నడిపేవాడు ఒకడుండేవాడు. పేరెందుకులే, ఇప్పుడు తాతయ్యాడు. ఇలాగే ఒకసారి పగలంతా ఉద్యోగం చేసొచ్చి రాత్రికి స్టీరింగ్ పట్టాడు. "కాసేపు నేను నడుపుతాన్రా" అని ఎవరైనా అంటే వాడికి పౌరుషం. తెల్లవారుజాముకి వెనక మేమంతా ఒకళ్ల మీద ఒకళ్లం పడి నిద్ర. ముందు కూర్చున్నవాడూ తల వాల్చేశాడు. టైరు కింద కంకర కరకరమన్న చప్పుడుకి నాకు మెలకువొచ్చింది. అద్దంలో చూస్తే వాడి కళ్లు తెరిచే ఉన్నాయి. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. బండి మాత్రం రోడ్డు దిగిపోతోంది. అరిచాను. ఇసుక కుప్ప అడ్డొచ్చింది కాబట్టి ఆగాం. బెల్టు పెట్టుకోకుండా వెనక పడుకున్న ఒకడు ముందు సీటుకి గుద్దుకుని కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు. నడిపినవాడు దిగి మామీదే ఎగిరాడు, "నేను నిద్రపోలేదు, బండే పక్కకి లాగేసింది" అని. ఇప్పటికీ అదే మాటంటాడు. అబద్ధమాడటం లేదే, వాడికి నిజంగానే తెలియదు.

అదే నా భయం. ఆ కునుకు కొన్ని సెకన్లే ఉంటుంది, ఒక్కోసారి కళ్లు మూసుకోకుండానే వస్తుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లకే బండి 110 మీటర్లు దాటిపోతుంది. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి నడపడం కాస్త మందు పుచ్చుకున్నవాడు నడపడంతో సమానమని పరీక్షించి తేల్చారు. పొద్దున 6కి లేచినవాళ్లకి రాత్రి 11కే ఆ 17 గంటలు నిండుతాయి. మీరు బయల్దేరదామనుకున్నది అప్పుడేగా! ఆపైన 2 నుంచి 6 దాకా ఒళ్లు నిద్రనే కోరుకుంటుంది. మధ్యాహ్నం తిన్నాక కూడా కాస్త అంతే.

పాటలు గట్టిగా పెట్టడం, కిటికీ దించడం, మొహం మీద నీళ్లు కొట్టుకోవడం, ఇవన్నీ కాసేపటి ముచ్చట. కాఫీ కూడా తాగిన వెంటనే పనిచెయ్యదు, అరగంట దాకా పడుతుంది. అందుకని పెట్రోల్ బంకు లాంటి చోట ఆపి, తాగేసి, తలుపులు లాక్ చేసుకుని 20 నిమిషాలు కళ్లు మూసుకోండి. రోడ్డు అంచున మాత్రం ఆపొద్దు.

నడిపే మనిషి పక్కన కూర్చున్నవాళ్లు నిద్రపోకూడదు. వాళ్లు "ఆపు" అంటే వాదించకుండా ఆపాలి. ఇంటి దగ్గరే అందరిచేతా ఒట్టు వేయించుకో. ఆవలింతలు, కళ్లు నులుముకోవడం, తిరగాల్సిన మలుపు దాటిపోవడం, ఇవి కనిపిస్తే చాలు. ఆ మాట నిన్నే అంటే ముక్కు మీద కోపం తెచ్చుకోకు, నీ సంగతి నాకు తెలుసు.

ఘాట్ దిగేటప్పుడు రెండో గేరు. బ్రేకు మీద కాలు పెట్టి అలాగే ఉంచితే బ్రేకులు కాలిపోయి పెడల్ మెత్తబడుతుంది, అవసరానికి పట్టదు. నీకిది చాలాసార్లు చెప్పాను, ఇంకోసారి వింటే అరిగిపోవు.

చీకట్లో కాదు, హాయిగా నిద్రపోయి లేచి తెల్లారాక బయల్దేరండి. ముందురోజు సాయంత్రం బండి ఇటు తీసుకురా, టైర్లు నేనోసారి చూస్తాను. నీకు చేతకాదని కాదు. ఊరికే, తీసుకురా.

మామయ్య