సర్వర్‌లెస్ పెడితే డిస్కు ఖాళీ అవుతుందా?

ప్రైవేట్ క్లౌడ్‌లో (అంటే సొంత సర్వర్లలో) స్టోరేజ్ నిండిపోతోంది, సర్వర్‌లెస్‌కి, అంటే పని పడ్డప్పుడే కోడ్ లేచి నడిచే పద్ధతికి మారితే చోటు మిగులుతుందా అని అడిగారు. మారినంత మాత్రాన ఒక్క బైటు కూడా తగ్గదండీ. అలా లేచి నడిచే చిన్న ప్రోగ్రామ్‌తో, అదే ఫంక్షన్‌తో, ఏం చేయిస్తారన్న దాంట్లోనే ఉంది అంతా. మా అనుభవం చెప్తాను.

మాది సెఫ్ ఆబ్జెక్ట్ స్టోర్ (ఫైళ్లను చాలా డిస్కుల్లో పంచి దాచే సాఫ్ట్‌వేర్), దాని పక్కన ఫంక్షన్లను నడిపే కేనేటివ్. డేటా మూడు కాపీలుగా ఉండేది, 4+2 ఇరేజర్ కోడింగ్‌కి (డేటాని నాలుగు ముక్కలు చేసి, ఏవైనా పోతే తిరిగి కట్టుకోడానికి ఇంకో రెండు కలిపే పద్ధతి) మార్చాం. లెక్క ప్రకారం మూడు రెట్లు పట్టేది ఒకటిన్నర రెట్లకు రావాలి. రాకపోగా పెరిగింది! సరే, ఫైలు వచ్చీ రాగానే జెడ్‌స్టాండర్డ్‌తో కుదించే ఫంక్షన్ ఒకటి రాసి బకెట్ (ఫైళ్లు పడే డబ్బా) నోటిఫికేషన్‌కి తగిలించాను, అంటే బకెట్‌లో కొత్త ఫైలు పడగానే ఫంక్షన్ లేస్తుంది. కుదించిన ఫైలుని అదే బకెట్‌లో పడేశాను, అదీ నా తెలివి. అది మళ్లీ ఫంక్షన్‌ని లేపింది. పొద్దున చూస్తే ఫైలు పేరు చివర '.జెడ్ఎస్‌టీ.జెడ్ఎస్‌టీ.జెడ్ఎస్‌టీ' అని తోకలు.

అవుట్‌పుట్‌కి వేరే బకెట్ పెట్టాక ఆ గొడవ ఆగింది గానీ చోటు మాత్రం మిగల్లేదు. అప్పుడు తట్టింది: మాకు సెన్సర్ల నుంచి వచ్చేవన్నీ 10 కేబీ చిట్టి ఫైళ్లు. మా పాత క్లస్టర్‌లో హార్డ్ డిస్కు మీద కనీస కేటాయింపు 64 కేబీ, అంటే ఎంత చిన్న ముక్కైనా అంత చోటు తినేస్తుంది. ఒక్కో ఫైలూ ఆరు ముక్కలవుతుంది, ముక్కకి 64 చొప్పున 384 కేబీ. 10 కేబీని 3 కేబీకి కుదించినా అదే 384! మూడు కాపీలప్పుడు 192తో సరిపోయేది. (సెఫ్ పసిఫిక్ వెర్షన్ నుంచి ఆ కనీసం 4 కేబీయే, కాకపోతే పాత ఓఎస్‌డీలను, అంటే డిస్కుల మీది సెఫ్ స్టోరేజ్‌ని, మళ్లీ మొదట్నుంచి కట్టుకోవాలి.)

చిట్టి ఫైళ్లే చోటు తింటున్నాయని తేలడంతో ఫైలుకో ఫంక్షన్ అనే ఆలోచనే వదిలేశాం. ఇప్పుడు కేనేటివ్‌లోని టైమర్ లాంటి పింగ్‌సోర్స్ గంటకోసారి ఫంక్షన్‌ని లేపుతుంది. అది ఆ గంటలో వచ్చిన ఫైళ్లన్నీ పోగేసి ఒకే పార్కే (పట్టికల డేటా దాచే ఫార్మాట్) ఫైలుగా రాసి, పడుకుంటుంది. పాడ్‌లు (ఫంక్షన్ నడిచే కంటెయినర్లు) సున్నాకి దిగిపోతాయి. సర్వర్లు ఎలాగూ కొనేసినవే కాబట్టి డబ్బు మిగిలిందనలేను, ఆ కోర్లు వేరే పనులకి దొరుకుతాయంతే. కోల్డ్ స్టార్ట్‌కి, అంటే సున్నా నుంచి మళ్లీ లేవడానికి, కొన్ని సెకన్లు పట్టినా ఈ పనికి అడ్డేం కాదు.

ఒకే గంటకి ఫంక్షన్ రెండుసార్లు నడిచినా డేటా రెట్టింపు కాకుండా, అవుట్‌పుట్ పేరులోనే ఆ గంట పెట్టండి. కొత్త ఫైల్లో వరుసల లెక్క సరిపోయాకే పాతవి చెరపండి. అన్నట్టు, బకెట్‌లో వెర్షనింగ్ (పాత కాపీలనూ దాచి ఉంచే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో ముందే చూసుకోండి. ఉంటే మీరు డిలీట్ చేసినవి కనబడకుండా పోతాయే తప్ప చోటు వదలవు.