ఉలవలు, బార్లీ ఆపేస్తే గుర్రం నీరసపడుతుందా?

ప్రశ్న: మా ఫామ్‌లో తొమ్మిదేళ్ల మార్వారీ ఆడగుర్రం ఉంది. బరువు సుమారు 380 కిలోలు. పూటకు కిలోన్నర బార్లీ, అరకిలో ఉడికించిన ఉలవలు చొప్పున రెండు పూటలా పెడుతున్నాం. మేతకు వరిగడ్డి. అయినా పక్కటెముకలు కనిపిస్తున్నాయి. లద్దె తరచూ పలచబడుతోంది, ఈ నెలలో రెండుసార్లు కడుపునొప్పితో కాలితో నేల గీరింది. గింజలు ఆపాలంటే భయంగా ఉంది డాక్టరు గారూ. ఏం పెట్టమంటారు?
– ఒక పాఠకుడు, రంగారెడ్డి జిల్లా

సమాధానం: నీరసపడదు. మీరు రాసినదాన్ని బట్టి దానికి గడ్డి చాలక, గింజ ఎక్కువై ఈ బాధ వచ్చినట్టుంది.

గుర్రం పొట్ట చిన్నది. తిన్నా తినకపోయినా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. గింజల్లోని పిండి పదార్థం చిన్నపేగులోనే అరిగిపోవాలి. అందుకే ఒక పూటకు శరీర బరువులో కిలోకు 1 గ్రాము పిండి పదార్థం మించకుండా చూస్తాం. మీ గుర్రానికి ఆ హద్దు 380 గ్రాములు. మీరు పెడుతున్న దాణాలో 900 గ్రాముల దాకా ఉంటుంది. అరగని పిండి పెద్దపేగులోకి జారి పులిసిపోతుంది. లద్దె పలచబడేది, నొప్పి వచ్చేది అందుకే. ముదిరితే గిట్టల లోపల వాపు (లామినైటిస్) వచ్చి గుర్రం నడవలేకపోతుంది. ఉలవలు పప్పుజాతివే అయినా వాటిలోనూ మూడో వంతు దాకా పిండే. ప్రస్తుతానికి మీ గుర్రానికి అవీ వద్దు.

ముందు గడ్డి మార్చండి. వరిగడ్డిలో బలం తక్కువ, పేగుల్లో అడ్డుపడే ప్రమాదమూ ఉంది. బూజు లేని ఎండు గరిక గానీ ఓట్స్ గడ్డి గానీ రోజుకు 6, 7 కిలోలు, నాలుగైదు విడతలుగా వేయండి. దానికి తోడు కిలో ఎండు లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం). అందులోని కాల్షియం పొట్టలో ఆమ్లం ఘాటును తగ్గిస్తుంది. స్వారీకి అరగంట ముందు కొంచెం లూసర్న్ పెట్టడం చాలా మంచిది.

గింజ బదులు శక్తికి నా మొదటి ఎంపిక కొబ్బరి చెక్క, అంటే కొబ్బరి నుంచి నూనె తీయగా మిగిలిన పిప్పి. కోనసీమ వైపు నుంచి తెప్పించుకోవచ్చు. మన దగ్గర ఎక్కువగా పాడి పశువులకే పెడతాం గానీ, ఆస్ట్రేలియాలో గుర్రాలకు బాగా వాడతారు. పిండి పదార్థం చాలా తక్కువ, పీచు, కొంత నూనె ఉంటాయి. పూటకు 100 గ్రాములు నీళ్లలో నానబెట్టి మొదలుపెట్టి, మెల్లగా అరకిలో దాకా పెంచండి. కనరు వాసన వస్తే పారేయండి. సోయా పొట్టు దొరికితే అదీ మంచిదే. తవుడు మాత్రం ఎక్కువ వద్దు, అందులోని భాస్వరం వల్ల ఎముకల్లో కాల్షియం తగ్గిపోతుంది.

నూనె కూడా ఇవ్వొచ్చు. గుర్రానికి పిత్తాశయం లేకపోయినా పైత్యరసం ఆగకుండా కారుతుంది కాబట్టి, అలవాటు చేస్తే నూనె బాగానే అరుగుతుంది. సోయా నూనె రోజుకు రెండు చెంచాలతో మొదలుపెట్టి, మూడు వారాల్లో 200 మిల్లీలీటర్లకు తీసుకెళ్లండి. అంత నూనె దాదాపు 600 గ్రాముల ఓట్స్ ఇచ్చే శక్తినిస్తుంది. దాంతోపాటు విటమిన్ ఇ ఎంత వేయాలో మీ డాక్టరును అడగండి.

గింజలు ఒక్కసారిగా ఆపొద్దు. రెండు వారాల్లో కొద్దికొద్దిగా తగ్గించండి. కోళ్ల దాణా, ఆవుల దాణా దగ్గరికి కూడా రానివ్వకండి. కొన్నిటిలో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రం ప్రాణం తీస్తుంది.

ఈలోగా పళ్లు చూపించి, లద్దెలో పురుగుల పరీక్ష చేయించండి. పొట్టలో పుండ్లున్నాయేమో ఎండోస్కోపీలో తెలుస్తుంది. మళ్లీ నేల గీరినా, డొక్కల వైపు చూసుకుంటున్నా, పొర్లుతున్నా మేత తీసేసి వెంటనే డాక్టరును పిలవండి. లద్దె ఆగిపోయినా, కదలకుండా నిలబడినప్పుడు గుండె నిమిషానికి 60 సార్లు దాటి కొట్టుకుంటున్నా తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే చూపించాలి.